నీళ్లు అద్దంలా ఉన్నాయి, చేపలకే ఊపిరాడలేదు: విశాఖ తీరంలో ఒక నర్సరీ కేసు

ఈ కేసు రాస్తానంటే యజమాని ఒప్పుకున్నారు. ఊరు, ఏడాది, యూనిట్ పేరు మాత్రం వద్దన్నారు. విశాఖ నుంచి భీమిలి వెళ్లే దారిలో సముద్రం పక్కనున్న ఒక పండుగప్ప నర్సరీ అనుకుంటే చాలు. నేను చేపల ఆరోగ్యం, నీటి నాణ్యత చూసే కన్సల్టెంటుని. ఈ కేసులో మొదటి తప్పు నాదే, అదీ ఫోనులో చేసింది.

నేపథ్యం

సిమెంటు ట్యాంకులు పదమూడు, ఒక్కోటి ఇరవై టన్నులు. నిండా రెండు మూడంగుళాల పండుగప్ప పిల్లలు. కొన్ని చెరువులకు వెళ్తాయి, కొన్ని సముద్రంలో వేసే పంజరాలకు వెళ్తాయి. మన దేశంలో బహిరంగ సముద్రంలో పంజరం వేసి చేపలు పెంచడం 2007లో మొదలైంది విశాఖలోనే. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్ఆర్ఐ) వాళ్లు చేసిన పని అది, అప్పుడు వేసిన చేపా పండుగప్పే. అందుకే ఈ పిల్లలకు ఇక్కడ గిరాకీ.

సముద్రంలోకి ఒక పైపు, ఒడ్డున పంపు షెడ్డు, తర్వాత ప్రెషర్ శాండ్ ఫిల్టరు, వంద టన్నుల రిజర్వాయరు, అక్కణ్నుంచి ట్యాంకులు. నీళ్ల దారి ఇదీ. అంతకుముందు బీచ్ ఇసుకలో బోరు వేసుకుని వాడేవారు. నీళ్లలో ఇనుము ఎక్కువై, గోడలన్నీ తుప్పు రంగు పట్టి, దాన్ని వదిలేసి పైపు వేసుకున్నారు. ఈ తుప్పు సంగతి తర్వాత మళ్లీ వస్తుంది. తల్లి చేపల షెడ్డు వేరు. అక్కడ బయోఫిల్టరు (అమోనియాని విరిచే బ్యాక్టీరియా ఉండే ఫిల్టరు) మీద తిరిగే నీళ్లు నలభై టన్నులుంటాయి, వాటిలోకి సముద్రం నీళ్లు వారానికోసారే కలుపుతారు.

మార్చి రెండో పక్షం. విశాఖ తీరంలో ఈ రోజులకో లక్షణం ఉంది. ఫిబ్రవరి నుంచి మే దాకా తీరం వెంట వీచే నైరుతి గాలికి పైనీరు లోపలి సముద్రం వైపు జరుగుతుంది, దాని చోటులోకి అడుగు నుంచి చల్లటి నీరు పైకొస్తుంది. 1950ల్లో ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చి పనిచేసిన లాఫాండ్ అనే శాస్త్రవేత్త దీన్ని ఇక్కడే కొలిచాడు. అడుగు నుంచి వచ్చే నీటిలో నైట్రేటు, ఫాస్ఫేటు దండిగా ఉంటాయి. చేనుకి ఎరువు వేసినట్టే. వెంటనే డయాటమ్‌లనే సన్నటి నాచు కణాలు పెరుగుతాయి. అవి పెరిగి వాల్తేరు దగ్గర సముద్రం రంగే మారిన సంగతిని డి.వి. సుబ్బారావు 1969లో ప్రచురించారు. డయాటమ్‌లు పెరిగాయంటే వాటిని మేసేవి వెనకే వస్తాయి. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ ఆ రోజు తెల్లవారుజామున ఒక్క ముక్క గుర్తుకు రాలేదు.

ఫోను

నాలుగింటికి మేనేజరు చేశాడు. "సార్, మూడు ట్యాంకుల్లో పిల్లలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. రెండు గంటలకి కరెంటు పోయింది, జనరేటరు అందుకోడానికి పది నిమిషాలు పట్టింది."

"రెండో బ్లోయరు కూడా వేసెయ్యండి. గాలి ఫుల్లుగా వదలండి. బయల్దేరుతున్నా."

అంత చిక్కగా పిల్లలున్న ట్యాంకులో పది నిమిషాలు గాలి ఆగితే ఆక్సిజన్ పడిపోవడం మామూలే. వందసార్లలో తొంభైసార్లు అదే అయ్యుంటుంది. కానీ మీటరు ఎంత చూపిస్తోందని నేను అడగలేదు. అతను చూశాడు: 5.6. ఆక్సిజన్ తక్కువై పైకొచ్చే చేప ఉన్న నీళ్లు కావవి. నేను అడగలేదు కాబట్టి అతను చెప్పలేదు.

ఆరుంబావుకి చేరేసరికి మూడు ట్యాంకులు ఐదయ్యాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి, అడుగున గీసిన గీత కనిపిస్తోంది. పిల్లలు మాత్రం మొప్పలు విప్పార్చుకుని గోడల వెంట తేలుతున్నాయి, కొన్ని గిర్రున తిరిగి వెల్లకిలా పడుతున్నాయి. రెండింటిని తీసి మొప్పలు విప్పి చూశాను. రంగు ఎర్రగానే ఉంది. నైట్రైటు అయితే గోధుమ రంగుకి తిరగాలి, అలా లేదు. జిగురు మాత్రం బాగా పట్టింది. ఆక్సిజన్ ఇప్పుడు 6.8. అమోనియా కిట్టు ఆరుకీ ఎనిమిదికీ మధ్య రంగు చూపించింది, పీపీఎంలలో (పది లక్షల వంతుల్లో ఎన్ని అనే లెక్క). ముందురోజు సాయంత్రం రిజిస్టరులో పీహెచ్ 7.8 అని ఉంది, ఇప్పుడు 8.2.

ఆ 8.2 చూశాక నా మొహం నేనే చూసుకోలేకపోయాను. చేపలు వదిలే కార్బన్ డయాక్సైడు నీటి పీహెచ్‌ని కిందికి లాగి ఉంచుతుంది. బ్లోయర్లు ఫుల్లుగా వేస్తే ఆ వాయువు ఎగిరిపోయి పీహెచ్ పైకెళ్తుంది. మొత్తం అమోనియాలో చేపని చంపే వంతు పీహెచ్ మీద ఆధారపడుతుంది: మన సముద్రపు నీటికి, మన వేడికి, 7.8 దగ్గర అది నూటికి మూడు నాలుగు వంతులైతే 8.2 దగ్గర ఎనిమిది దాకా ఉంటుంది. అంటే నీళ్లలో అమోనియా ఒక్క చుక్క పెరగకపోయినా, నా సలహాతో దాని విషం రెట్టింపైంది.

ఖాళీ ట్యాంకు

ఇంత అమోనియా ఒక్క రాత్రిలో ఎక్కణ్నుంచి వచ్చింది? మేత ఎక్కువ పడిందని ఒక మాట, బయోఫిల్టరు లేదు కాబట్టి పేరుకుందని ఒక మాట. ఏదైనా ట్యాంకుకో రకంగా ఉండాలి, ఇలా అన్నిట్లో ఒకేలా రాకూడదు. పదమూడో ట్యాంకు ముందురోజు సాయంత్రం కడిగి రాత్రి నింపారు. అందులో చేప లేదు, మేత పడలేదు. ఆ నీళ్లలో కిట్టు వేస్తే ఆరు.

దాంతో చేపల మీద, మేత మీద అనుమానం పోయింది. అమోనియా నీళ్లతోపాటే వచ్చింది.

యజమాని అప్పటికే ఫోను చేతిలో పట్టుకున్నారు. "ఇంకేముంది సార్, ఏ కంపెనీ వాళ్లో రాత్రికి రాత్రి వదిలేసుంటారు. పొల్యూషన్ బోర్డుకి, పేపరోళ్లకి చెప్పేస్తా." ఈ తీరంలో ఉండేవాళ్లకి ఆ అనుమానం రావడం తప్పు కాదు. కానీ నేల మీద నుంచి అంత వ్యర్థజలం వచ్చి కలిస్తే ఉప్పు కొంతైనా తగ్గాలి. రిఫ్రాక్టోమీటరులో 33, రోజూ ఉన్నంతే. వాసన లేదు. ఒక గంట ఆగమన్నాను. తర్వాత కారణం వేరని తేలితే, నిజంగా ఎవరైనా వదిలిన రోజున కూడా ఈ యూనిట్ మాట ఎవరూ నమ్మరని నా భయం.

పంపు షెడ్డులో ఉండే ఆయనకి యాభై దాటాయి. పక్క జాలరి ఊరే, మోకాళ్లు పాడయ్యేదాకా వేటకెళ్లిన మనిషి. "రాత్రి మోటారు దగ్గర ఏదైనా తేడా కనిపించిందా" అనడిగితే కొంచెం తటపటాయించాడు.

"ఫిల్టరు కడిగినప్పుడు నీళ్లు ఎర్రగా వొచ్చినాయి బాబూ. తుప్పనుకున్నాను. కాలవలో సెయ్యెడితే మిణుకుమిణుకుమన్నాయి."

"మరి ఎవరికీ చెప్పలేదేం?"

"ఎర్ర నీళ్లు మనకి కొత్తేటి బాబూ? బోరున్నన్నాళ్లూ అవే కదా."

తప్పు పట్టడానికేమీ లేదు. ఆ యూనిట్‌లో ఎరుపంటే ఇనుమే.

సీసా

ఫిల్టరుకి ముందున్న వాల్వు తిప్పి బకెట్టు నింపాను. ఆవకాయ పెట్టుకునే పాత గాజు సీసా ఒకటి దొరికితే అందులో పోసి కిటికీకి అడ్డంగా పట్టుకున్నాం. ఉడికిన సగ్గుబియ్యాన్ని పదో వంతుకి కుదించినట్టు, లేత గులాబీ రంగు గుండ్రాలు. ఒక్కోటి అర మిల్లీమీటరుంటుంది, కళ్లజోడు లేకుండానే కనిపిస్తోంది. సీసా కదపకుండా పెడితే ఐదు నిమిషాల్లో అన్నీ పైకి తేలి, వేలు మందాన ఒక పొర కట్టాయి. అడుగు నీళ్లు తేటగా మిగిలాయి.

సూక్ష్మదర్శిని కింద చుక్క వేస్తే సందేహం తీరిపోయింది. రేగుపండుకి ఒక పక్క నొక్కు పడినట్టు ఆకారం, ఆ నొక్కులోంచి మెల్లగా ఊగే ఒకే ఒక్క తొండం. లోపల మింగిన డయాటమ్ గొలుసులు. నాక్టిల్యూకా సింటిల్లాన్స్ అనే ఏకకణ జీవి. లాటిన్‌లో ఆ మొదటి మాటకి రాత్రి దీపం అని అర్థం. పంపు దగ్గర మిణుకుమన్నది ఇదే.

ఇక్కడ పేరు తెలియడం ఊరికే శాస్త్రం కోసం కాదు. 1972లో జపాన్‌లోని సెటో లోపలి సముద్రంలో పెంపకంలో ఉన్న కోటీ నలభై లక్షల యెల్లోటెయిల్ చేపల్ని చంపిన షాటొనెల్లా కూడా రెడ్ టైడ్ (సముద్రం నీళ్లు ఎర్రబడే) కేసే. కానీ అది చాలా చిన్న కణం, తనంతట తను ఈదుతుంది, నేరుగా మొప్పల్ని దెబ్బతీస్తుంది. అది వచ్చి ఉంటే ఆ రోజు నేను చేసిన పనేదీ పనికొచ్చేది కాదు. నాక్టిల్యూకా తీరు వేరు. ఇది విషం తయారుచేయదు. మన ఎర్ర రకం ఎండ మీద బతికే నాచు కూడా కాదు, తిని బతికేది. లోపల పచ్చటి జీవుల్ని పెట్టుకుని తిరిగే ఆకుపచ్చ రకం ఇంకోటుంది. 2008లోనూ 2019లోనూ మన్నార్ సింధుశాఖలో చేపలు చచ్చినప్పుడు కనిపించింది అది. 2005 ఏప్రిల్‌లో ఒడిశాలో రుషికుల్య నది ముందు వచ్చింది ఎర్రది. ఏ రకమైనా ఒంటి నిండా అమోనియా కలిసిన ద్రవం నింపుకుని ఉంటుంది. తేలడానికి దానికదే ఆధారం. కణం పగిలితే ఆ సరుకంతా నీళ్లలోకి వస్తుంది.

మరి పగిలింది ఎక్కడ? మూడు చోట్ల నీళ్లు పట్టాను. సముద్రం నీళ్లు కాసేపు నిలవబెట్టి అడుగు నుంచి తీసినవి: అర పీపీఎం లోపు. పంపు దాటాక అలాగే తీసినవి: ఒకటి. ఫిల్టరు దాటాక: ఆరు. కిట్టు వాడేవాళ్లకో మాట: కణాలున్న నీళ్లలో నేరుగా రసాయనం వేస్తే కణాలు అక్కడే పగిలి దొంగ లెక్క వస్తుంది, అందుకే అడుగు నుంచి తీయాలి.

సముద్రం నీళ్లలో చేప చచ్చేంత అమోనియా లేదు. ఆ రాత్రంతా ఇసుక ఫిల్టరు వాటిని వల పట్టినట్టు పట్టి, ప్రెషర్‌తో నలిపి, రసం పిండి లోపలికి పంపింది. రంగూ కణాలూ ఇసుకలోనే ఉండిపోయాయి, కాబట్టి ట్యాంకుల్లో నీళ్లు అద్దంలా కనిపించాయి.

పని చేయనివి

నేను చేరేలోపే మేనేజరు రిజర్వాయరులో బ్లీచింగ్ కొట్టించాడు, 20 పీపీఎం లెక్కన. నీళ్లలో ఏదో ఉంది, చంపేద్దాం అని అతని ఆలోచన. ఇంకేదైనా రోజైతే అది సరైన పనే. ఆ రోజు మాత్రం క్లోరిన్ వెళ్లి అమోనియాతో కలిసి క్లోరమైన్లయింది. క్లోరిన్ ఉందో లేదో చూసే ఆర్థోటాలిడిన్ చుక్క వేస్తే పసుపు రంగు వస్తూనే ఉంది, ఎందుకంటే అది రెండింటికీ రంగు చూపిస్తుంది. థయోసల్ఫేటు కొడితే క్లోరిన్ విరిగింది, కానీ కింద దాక్కున్న అమోనియా మళ్లీ బయటపడింది. పరీక్షకని బుట్టలో వేసిన పది పిల్లల్లో గంటకి ఒక్కటీ మిగల్లేదు.

జియోలైటు రెండు బస్తాలు తెచ్చి పెట్టారు. చెరువుల్లో అందరూ కొడతారు, కంపెనీవాళ్లూ ఆపరు. మంచినీళ్లలో అది అమోనియాని పట్టుకుంటుంది. ఉప్పునీళ్లలో ఉన్న సోడియమే దాని చోటంతా ఆక్రమిస్తుంది, అమోనియాకి మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. బస్తాలు విప్పనివ్వలేదు.

మందుల షాపు నుంచి ఒకాయన ఫోనులో మైలుతుత్తం సలహా ఇచ్చాడు. 1957లో ఫ్లోరిడా తీరంలో రెడ్ టైడ్ మీద విమానాలతో మైలుతుత్తం చల్లి చూశారు. కొద్ది రోజులు తగ్గి మళ్లీ వచ్చింది. మా సంగతి అంతకంటే సూటిగా ఉంది: కణాలు పగలడమే రోగమైతే, అన్నిట్నీ ఒకేసారి పగలగొట్టేది మందెలా అవుతుంది? పైగా ఇంతింత పిల్లలకి రాగి అసలే పడదు. దక్షిణ కొరియాలో చల్లే పసుపు మట్టి సంగతీ ఎవరో ఎత్తారు. కాక్లోడినియం లాంటి చిన్న కణాలకి మట్టి అంటుకుని అడుగుకి దిగుతుంది. తేలడమే పనిగా ఉన్న ఈ పెద్ద గుండ్రం మీద, అదీ పైపు లోపల, దానికేం పని?

ఏం చేశాం

ముందు మోటారు ఆపించాను. మేత ఆపించాను, కడుపు ఖాళీగా ఉన్న చేప తక్కువ అమోనియా వదులుతుంది. బ్లోయరు ఒకటి కట్టేసి, రెండో దాన్ని సగానికి తిప్పి, ఆక్సిజన్ సిలిండర్లు తెప్పించి సన్నటి రాళ్లతో వదిలాం. సిలిండరుతో అయితే కార్బన్ డయాక్సైడుని తరిమెయ్యకుండా ఆక్సిజన్ ఇవ్వొచ్చు. రెండు గంటల్లో పీహెచ్ 7.9కి దిగింది.

తర్వాతిది కష్టమైన లెక్క. మంచి నీళ్లు తల్లి చేపల దగ్గరున్న నలభై టన్నులే. వాటికి ముప్పు రాకుండా తీయగలిగేది ఇరవై ఐదు. పన్నెండు ట్యాంకులకీ సమానంగా పంచితే దేనికీ చాలదు. "అన్నిట్లో తలా కొంచెం పోద్దాం సార్" అన్నారు యజమాని. ఆయన బాధ నాకర్థమైంది, కానీ ఆరు పీపీఎంలో పదో వంతు మంచి నీళ్లు కలిపితే ఐదున్నర అవుతుంది, అంతే. ప్రతి ట్యాంకులో చిటికెడు మేత చల్లి చూశాను. నాలుగు ట్యాంకుల్లో పిల్లలు బద్ధకంగానైనా తలెత్తాయి. ఆ నాలుగింటిలోవి రెండు ట్యాంకుల్లోకి మార్చి, ఒక్కోదానికీ పన్నెండున్నర టన్నుల మంచి నీళ్లు పోశాం. కిక్కిరిసిపోయాయి. ఒక్క రోజుకి ఆ ఇరుకు ఫర్వాలేదనుకున్నాను. ముందే పడిపోయిన ఐదు ట్యాంకులకి ఆక్సిజన్ తప్ప ఏమీ ఇవ్వలేదు. మిగిలిన మూడూ మధ్యాహ్నం దాకా ఓర్చుకోవాలి.

మధ్యాహ్నానికి నీళ్లు ఎలా తేవాలో సీసాయే చూపించింది. తేలేదాన్ని తేలనిస్తే సరి. రిజర్వాయరులోని బ్లీచింగ్ నీళ్లని విరిచి ఖాళీ చేశాం. శాండ్ ఫిల్టరుని పక్కన పెట్టి, బైపాస్ లైనులో చిన్న మోటారుతో నెమ్మదిగా సముద్రం నీళ్లు ఎక్కించాం. నింపాక మూడు గంటలు గాలి కూడా వదలకుండా వదిలేశాం. పాల మీద మీగడలా పైన గులాబీ పొర తేలింది. పంపు ఆయనా ఇంకో ఇద్దరూ తడిపిన పాత చీరని రెండు చివర్లా పట్టుకుని, అల తగలనివ్వకుండా ఒక గోడ నుంచి ఇంకో గోడకి దాన్ని తోసుకెళ్లి ముంచి తీశారు. అడుగు వాల్వు నుంచి వంద మైక్రాన్ల గుడ్డ సంచుల్లోంచి, ఒత్తిడి లేకుండా ట్యాంకుల్లోకి. కిట్టు 0.8.

సాయంత్రానికి ఆ మూడు ట్యాంకుల్లో సగం నీళ్లు మార్చాం. మర్నాడు వాటిలో అమోనియా రెండు పీపీఎం, మూడో రోజుకి ఒకటి. ఐదు ట్యాంకులు పూర్తిగా పోయాయి. మూడింట్లో ఒకటి ఐదో రోజున, అమోనియా అంతా దిగాక, మొప్పలకి బ్యాక్టీరియా పట్టి సగానికి సగం పోయింది. జిగురు పట్టి, పుండు పడిన మొప్పకి అది జరుగుతుందని ముందే అనుకుని మొదటి రోజు నుంచే మొప్ప ముక్కలు చూస్తూ ఉండాల్సింది. అమోనియా దిగితే గండం గడిచిందనుకున్నాను.

తర్వాత

ఫిల్టరు ఇసుక మొత్తం తీసి పారేశారు. కంపు ఎలా ఉందో రాయను. పైపు చివరున్న ఫుట్‌వాల్వుని రెండు మీటర్లు కిందికి దించారు. గాలి ఒడ్డు వైపు వీచే గంటల్లో పొర అంతా తీరానికి చేరుతుంది కాబట్టి ఆ వేళల్లో మోటారు మానేశారు. పొద్దున్నే నేల మీద నుంచి గాలి వెళ్లేటప్పుడు, పోటు మీద ఉన్నప్పుడు నింపుకుంటున్నారు. పాత బోరుకి ఇనుము పోగొట్టే ఏర్పాటు చేసి అత్యవసరానికి ఉంచమన్నాను. బీచ్ ఇసుక కూడా ఫిల్టరే, కానీ నీరు దానిలోంచి నెమ్మదిగా దిగుతుంది, కణాన్ని నలపదు.

నాలుగో రోజున బయట బీచ్‌లో కూడా చిన్న చేపలు కొట్టుకొచ్చాయి. పొర చచ్చి కుళ్లేటప్పుడు ఆక్సిజన్ లాగేస్తుంది. జనం ఏరుకుంటుంటే "తినొచ్చా" అని నన్నడిగారు. నాక్టిల్యూకాకి విషం లేదని చెప్పి ఊరుకోలేదు. చచ్చి కొట్టుకొచ్చిన చేప వద్దన్నాను, ఆలిచిప్పలు అసలే వద్దన్నాను. అలాంటి పొరలో వేరే జాతులు కలిసి ఉండొచ్చు. ఆలిచిప్పలు నీళ్లు వడకట్టుకుని తినేవి, సాక్సిటాక్సిన్ లాంటి విషాన్ని దాచుకుంటే ఎంత ఉడికించినా పోదు. 1981లో తమిళనాడు వాయలూరులో అలా తిన్నవాళ్లు చనిపోయారు.

శాటిలైటు చూసి ముందే చెప్పే ఏర్పాటు లేదా అని యజమాని అడిగారు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ బ్లూమ్ (ఇలా కణాలు ఒక్కసారిగా పెరగడం) సమాచారం ఇస్తుంది, అది చూడటం అలవాటు చేసుకోమన్నాను. కానీ అది చూపించేది పెద్ద సముద్రం. పైపు నోటి దగ్గరేముందో తెలియాలంటే బకెట్టు, సీసా కావాల్సిందే. పంపు షెడ్డులో ఒక పలక మీద మూడు గడులు గీయించాను: సీసాలో పొర ఉందా, ఫిల్టరు ముందు అమోనియా ఎంత, ఫిల్టరు తర్వాత ఎంత. రెండు అంకెల మధ్య తేడా పెరిగిందంటే లోపల ఏదో నలుగుతోందన్నమాట. కడిగిన నీళ్ల రంగు కోసం నాలుగో గడి పంపు ఆయనే అడిగి గీయించుకున్నాడు.

తర్వాతి ఏడాది మార్చిలో వేరే పని మీద వెళ్లినప్పుడు ఆ రిజిస్టరు తిప్పాను. ఒక తేదీ ఎదురుగా అంకెలేవీ లేవు. వంకర అక్షరాలతో ఒకటే వాక్యం: "రేత్రి నీళ్లు మెరిసినాయి, మోటారు ఎయ్యలేదు."